అమ్మాయి కార్-టి సెల్ రీసెర్చ్ చేస్తానంటోంది, పంపొచ్చా?

కడప నాన్న:
నాది వై.వి. స్ట్రీట్‌లో చిన్న బట్టల షాపు. మా పాప యోగి వేమన యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది. రోగి రక్తంలోని కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి వదిలే కార్-టి అనే వైద్యం ఉందంట, దాని మీదే పీహెచ్‌డీ చేస్తా అంటోంది. బీఎడ్ చెయ్యమ్మా అంటే వినదు. ఒకపక్క సంబంధాలు వస్తున్నాయి, ఆ టెన్షన్ వేరే. ఎన్నేళ్లు పడుతుంది, అందాకా ఖర్చులెట్లా, చివరికి ఉద్యోగం ఉంటుందా? తెలిసినోళ్లు చెప్పండి.

ప్రొద్దుటూరు రెడ్డి:
అన్నా, పీహెచ్‌డీ చేసి ఖాళీగా ఉన్నోళ్లు మా వీధిలోనే ఉన్నారు. గ్రూప్స్‌కు కోచింగ్ ఇప్పించు.

అనంతపురం టి-సెల్:
అన్నా, నాది అనంతపురం. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, బయట పీహెచ్‌డీ, ఇప్పుడు బెంగళూరులో ఈ కణాలతోనే పని. రెడ్డన్న భయం ఉత్తది కాదు, కానీ మొత్తం నిజమూ కాదు.

ముందు డబ్బు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, ఇంటి అద్దె అదనం. చేతికి ఆలస్యంగా వచ్చే నెలలుంటాయి, అది కూడా చెప్పాలి కదా. పీహెచ్‌డీ ఐదారేళ్లు అనుకోండి.

ఇక పని. రోగి రక్తంలోంచి టి-కణాలు, అంటే రోగాలతో పోరాడే తెల్లకణాలు, తీసి, జబ్బు చేయకుండా మార్చిన వైరస్‌తో వాటిలోకి కొత్త జన్యువు ఎక్కిస్తాం. కణం పైన ఒక రిసెప్టర్, అంటే గుర్తుపట్టే కొక్కెం లాంటిది, వస్తుంది. దాంతో టి-కణం సీడీ19 అనే గుర్తు పైన ఉన్న బి-కణాలను పట్టి చంపుతుంది, కొన్ని రక్త క్యాన్సర్లు పుట్టేది ఆ బి-కణాల్లోనే. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు చూడాలి! కణాలకు పోసే పోషక ద్రవం (మీడియా) ఎర్రగా ఉంటుంది, అవి పెరిగేకొద్దీ నారింజకు, తర్వాత పసుపుకు తిరుగుతుంది. పసుపు కనబడితే ఆదివారమైనా ఉగాదైనా ల్యాబ్‌కు పోవాల్సిందే. ఆరోగ్యంగా ఉన్నోళ్ల కణాలు గుంపులు గుంపులుగా పెరుగుతాయి. కీమో మీద కీమో పడిన రోగి కణాలు చాలాసార్లు మొండికేస్తాయి. అవసరమేమో ఆ రోగికే ఎక్కువ. నా పీహెచ్‌డీలో సగం ఆ మొండితనం వెనకాల తిరగడమే.

ఓపిక లెక్క ఇదీ: ఇజ్రాయెల్‌లో జెలిగ్ ఎష్హార్ బృందం ఇట్లాంటి రిసెప్టర్‌ను టి-కణాల్లో చూపించింది 1989లో. అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది 2017లో. అక్కడ ఈ వైద్యాన్ని రోగుల దాకా తెచ్చిన కార్ల్ జూన్ మొదట హెచ్ఐవీ మీద పనిచేసినాయన. 2012లో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకు ఈ కణాలు ఎక్కించాక ప్రాణం మీదికొచ్చింది. రక్తంలో ఐఎల్-6 అనే వాపు పెంచే ప్రోటీన్ విపరీతంగా పెరిగిందని తేలింది. దాన్ని అడ్డుకునే కీళ్లవాతం మందు ఒకటుందని జూన్‌కు తట్టింది, ఎందుకంటే ఆయన కూతురికీ కీళ్లజబ్బే. ఆ మందుతో పాప బతికింది.

మన దగ్గర ఐఐటీ బొంబాయిలో రాహుల్ పుర్వార్ టాటా మెమోరియల్‌తో కలిసి చేసిన నెక్స్‌కార్19 అనే కార్-టి వైద్యానికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అమెరికాలో కోట్లలో పడే వైద్యం ఇక్కడ అరకోటి లోపుకు దిగింది. అదీ మనబోటి వాళ్లు ఆస్తులమ్ముకునే మొత్తమే. పైగా గడ్డలుగా పెరిగే క్యాన్సర్లకు ఇంకా సరిగా లొంగలేదు. అంటే పని బోలెడు మిగిలుంది. కణాల తయారీలో, క్వాలిటీ టెస్టింగ్‌లో కొన్ని ఉద్యోగాలకు ఎమ్మెస్సీ చాలు, పీహెచ్‌డీ లేకున్నా తీసుకుంటారు.

ఒక్కటి మాత్రం: వారం రోజుల ఆన్‌లైన్ కార్-టి సర్టిఫికెట్లకు డబ్బు కట్టొద్దు. వాటిని ఇంటర్వ్యూలో ఎవరూ పట్టించుకోరు.

కడప నాన్న:
అమ్మా, అంతా పాపకు చదివి వినిపించినా. వాళ్లమ్మ హైదరాబాద్ అయితే సరే అంటోంది. ప్రాజెక్టు ఇంకా తీసుకోలేదంట.

అనంతపురం టి-సెల్:
అయితే కణాలను పెంచడం (కల్చర్) నేర్పే ల్యాబ్‌లోనే ప్రాజెక్టు అడగమనండి. జేఆర్ఎఫ్ వస్తే హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకూ అప్లై చేయొచ్చు. పేరులో కార్-టి ఉండాలని పట్టు పట్టొద్దు, ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తి గురించిన చదువు) గట్టిగా వస్తే తర్వాత ఇటు మళ్లొచ్చు. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. ఇక సంబంధాల సంగతి, నాకు పీహెచ్‌డీ మధ్యలోనే పెళ్లయింది. అబ్బాయి వాళ్లతో ముందే మాట్లాడుకోండి, ఆదివారాలు కూడా ల్యాబ్ ఉంటుందని.