బాబుకి చైనా మూలికల మందు ఇవ్వొచ్చా?

మేం సింగపూర్‌లో ఉంటాం. బాబుకి నాలుగేళ్లు. చైల్డ్‌కేర్‌లో చేరాక ఒక జలుబు తగ్గేలోపే ఇంకొకటి, రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ వాడుతున్నాం. పక్కింటి చైనీస్ ఆంటీ 'యూ పింగ్ ఫెంగ్ సాన్' ఇవ్వమంటున్నారు. హువాంగ్ చీ, బై ఝూ, ఫాంగ్ ఫెంగ్ అనే మూడు మూలికలట. గోధుమరంగు పలుకుల్ని వేడినీళ్లలో కలిపి, గోరువెచ్చగా అయ్యాక తాగించాలి. వచ్చిన జలుబు తగ్గడానికి కాదట, మాటిమాటికీ రాకుండానట. (మా అత్తయ్యగారేమో మిరియాల కషాయం చాలదా అంటున్నారు, ఆ గొడవ వేరు!)

మాహువాంగ్ (ఎఫెడ్రా) అనే మూలిక ఉన్న దగ్గు మందులైతే గుండెదడ తేవచ్చు, ఇందులో అది లేదు. అయినా టెన్షనే. ఇన్‌హేలర్ వాడే పిల్లలకు ఎవరైనా ఇచ్చారా? రిజిస్టర్డ్ చైనీస్ వైద్యుల దగ్గర తీసుకున్నారా, షాపులో కొన్నారా? మీ పిల్లల డాక్టరు ఏమన్నారు?