సిటప్స్ మానేసి ప్లాంక్ ఒక్కటీ చేస్తే సరిపోతుందా?

బక్కోడు_22:
హాస్టల్లో రోజూ ఇదే గొడవ. మా రూమ్మేట్ నిద్ర లేస్తూనే మంచం కింద కాళ్లు ఇరికించి యాభై సిటప్స్ లాగేస్తాడు. జిమ్ ట్రైనరేమో "సిటప్స్ పాతకాలం, నడుం పోద్ది, ప్లాంక్ ఒక్కటి చాలు" అంటాడు. నాకు 22 ఏళ్లు, నడుంనొప్పి ఎప్పుడూ లేదు. ఎవరి మాట వినాలి?

పీటీ_మాస్టారు:
ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రిల్లు చెప్పాను బాబూ. దండీలు, బస్కీలు, సిటప్స్. ఒక్కడికీ నడుం విరగలేదు. మోచేతుల మీద బోర్లా పడి గడియారం చూడ్డం కూడా కసరత్తేనా?

వైజాగ్_రన్నర్:
మాస్టారూ, అమెరికా సైన్యమే సిటప్స్ వదిలేసింది. 1980 నుంచి రెండు నిమిషాల సిటప్స్ పరీక్ష ఉండేది. 2022లో ఖాయమైన కొత్త పరీక్షలో దాని బదులు ప్లాంక్ పెట్టారు. వాళ్ల మెరైన్ దళం కూడా 2023లో క్రంచెస్ (తల, భుజాలు మాత్రమే లేపే సగం సిటప్స్) తీసేసింది.

పీటీ_మాస్టారు:
వాళ్లు మోసేది తుపాకులు, మూటలు. ఈ పిల్లాడు మోసేది ల్యాప్‌టాప్.

ఫిజియో_ఓపీ:
మీరంతా "పొట్ట" అని ఒకే మాట వాడుతున్నారు, గొడవంతా అక్కడే ఉంది. ముందువైపు పక్కటెముకల నుంచి నిలువుగా దిగేది రెక్టస్, సిక్స్‌ప్యాక్ అనేది దాన్నే. డొక్కల్లో ఏటవాలుగా రెండు పొరల ఆబ్లిక్స్. వాటికీ లోపల నడికట్టులా చుట్టుకుని ట్రాన్స్‌వర్సస్. వెనక వెన్నుపూసల్ని అంటిపెట్టుకుని మల్టిఫిడస్, దాని మీద పొడవాటి ఎరెక్టర్లు.

ఏ నొప్పీ లేని కాలేజీ పిల్లలకి చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి ఈఎంజీ (కండరం ఎంత పనిచేస్తోందో కరెంటు సంకేతాలతో చూసే పరీక్ష) తీస్తే, క్రంచ్‌లో రెక్టస్ గట్టిగా పలుకుతుంది, వెనక కండరాలు దాదాపు నిద్రపోతాయి. ప్లాంక్‌లో రెక్టస్‌తో పాటు ఆబ్లిక్స్ కూడా దిగుతాయి, కానీ వెనకవి అప్పుడూ తక్కువే. పక్కకి తిరిగి ఒక్క మోచేతి మీద ఆగే సైడ్ ప్లాంక్‌లో భారమంతా నేలవైపు డొక్క మీద పడుతుంది. చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, దానికి ఎదురు కాలు చాచే బర్డ్ డాగ్‌లో, వెల్లకిలా పడుకుని నడుం పైకి లేపే బ్రిడ్జ్‌లో లెక్క తిరగబడి వెన్ను, పిరుదులు పనిచేస్తాయి, రెక్టస్‌కి పెద్ద పని ఉండదు. కాబట్టి "ప్లాంక్ ఒక్కటి చాలు" అన్న ట్రైనరూ తప్పే.

ఇక కాళ్లు ఇరికించి చేసే పూర్తి సిటప్. సగం లేచాక మనిషిని లాగేది పొట్ట కంటే ఎక్కువగా సోయాస్. నడుం పూసల దగ్గర మొదలై తొడ ఎముకకి అతుక్కునే కండరం అది. అది లాగినప్పుడల్లా పూసలు ఒకదాని మీద ఒకటి నొక్కుకుంటాయి. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో వెన్ను మీద పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ వేసిన లెక్కలో ఒక్కో సిటప్‌కి సుమారు 3,300 న్యూటన్లు, అంటే దాదాపు 340 కిలోలు మోపినట్టు. బరువులెత్తే పనివాళ్ల నడుముకి అమెరికాలో పనిచోట భద్రత చూసే నియోష్ సంస్థ పెట్టిన హద్దే 3,400 న్యూటన్లు.

జిమ్_సందు:
ఫిజియో గారూ, రెండో వైపు కూడా చెప్పండి. వంచగా వంచగా డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) చీలుతుందని మెక్‌గిల్ వాళ్లు చూపించింది పందుల వెన్నుల మీద. చచ్చిన కణజాలాన్ని వేలసార్లు వంచారు. బతికున్న డిస్క్ మెల్లగానైనా సర్దుకుంటుంది కదా? 2011లో కసరత్తు నిపుణులు కాంట్రెరాస్, షోన్‌ఫెల్డ్ రాసిన వ్యాసంలో వాదన ఇదే. పైగా ఈఎంజీ ఎక్కువ పలికినంత మాత్రాన కండరం ఎక్కువ పెరుగుతుందని రూలేం లేదు.

పీటీ_మాస్టారు:
అదీ! నా తరఫున ఒకడు దొరికాడు.

ఫిజియో_ఓపీ:
ఒప్పుకుంటున్నా సందు గారూ. ఈఎంజీలో చెప్పే శాతం ఆ మనిషి గరిష్ఠంగా బిగించినప్పటి అంకెతో పోల్చింది. ఆ గరిష్ఠం దగ్గర వాడు బద్ధకిస్తే ప్లాంక్ శాతం దానంతటదే పెరిగిపోతుంది. ట్రాన్స్‌వర్సస్ అయితే చర్మం మీది ఎలక్ట్రోడ్‌కి సరిగ్గా అందదు, సన్నటి తీగ లోపలికి గుచ్చి చూడాలి. అందుకే రీల్స్‌లో దానికి శాతాలు చెప్పేవాళ్లని నేను నమ్మను. అయినా ఒక్క మాట మీద మాత్రం వెనక్కి తగ్గను, పక్క మీంచి లేస్తూనే సిటప్స్ వద్దు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఓ గంట అటూ ఇటూ తిరిగాక చేయమనండి మీ రూమ్మేట్‌ని. సిటప్ బదులు మెక్‌గిల్ చెప్పే కర్ల్-అప్ అయితే ఇంకా నయం. ఒక మోకాలు మడిచి, చేతులు నడుం కింద పెట్టుకుని, తల, భుజాలు మాత్రమే కాస్త లేపాలి.

గోదారోడు:
మా అమ్మమ్మ జిమ్ ముఖం చూడలేదు. చెరువు నుంచి నిండు బిందె ఒక చంకన పెట్టుకుని వచ్చేది. దాన్నే ఇప్పుడు ఒక చేత్తో డంబెల్ పట్టుకుని "సూట్‌కేస్ క్యారీ" అంటున్నారట!

ఫిజియో_ఓపీ:
వెటకారం కాదండీ, అచ్చం అదే. బరువు ఒక పక్కకి లాగుతుంటే రెండో పక్క డొక్క, నడుం కండరాలు ఒళ్లు వాలకుండా ఆపుతాయి. కాకపోతే అమ్మమ్మ గారు చంక మార్చేవారో లేదో అడగండి.

బక్కోడు_22:
అందరికీ థాంక్స్. రాత్రి ఇద్దరం నడుం మీద స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టుకుని బర్డ్ డాగ్ చేశాం. ఎడమ కాలు ఎత్తగానే నా గ్లాసు పడిపోయింది, చాప తడిసింది. వాడిది కదల్లేదు. ఇప్పుడు అది సిటప్స్ మహిమే అంటున్నాడు వెధవ. ఫిజియో గారూ, ఏం చెప్పమంటారు?