మొదటి డెమో క్లాసులో తడబడ్డాను. మీకు మొదటి టీచర్ ఉద్యోగం ఎలా దొరికింది?

కొత్తసుద్దముక్క
బీఎడ్ అయిపోయి నాలుగు నెలలైంది. నాది ఫిజిక్స్. పదకొండు స్కూళ్లకు అప్లై చేస్తే రెండే పిలుపులొచ్చాయి. ఒకచోట అనుభవం ఉన్నవాళ్లే కావాలని ఐదు నిమిషాల్లో పంపించేశారు. రెండోచోట ఏడో తరగతికి వేడికీ ఉష్ణోగ్రతకీ తేడా చెప్పమన్నారు, ఇరవై నిమిషాల్లో. టెన్షన్‌లో బోర్డు నిండా నిర్వచనాలు రాసేశాను. వెనక్కి తిరిగేసరికి పిల్లలందరూ తలలు వంచుకుని ఎక్కించుకుంటున్నారు. "ఏమైనా డౌట్లున్నాయా?" అని అడిగి, వాళ్లు నోరు తెరిచేలోపే "లేవు కదా" అనేశాను. పది నిమిషాలకే పాఠం అయిపోయింది. ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. పాఠం చెప్పడం తప్ప ఇంకో పని చేయాలని లేదు నాకు. మీ అనుభవాలు చెప్పండి ప్లీజ్.

లెక్కలబడి
ఆరేళ్లుగా నేను డెమోలు చూసే వైపు కూర్చుంటున్నానండి. పాఠం పూర్తయిందా లేదా అన్నది నేను పెద్దగా పట్టించుకోను. పిల్లలకు ముందే ఏం తెలుసో కనుక్కునే ప్రయత్నం చేశారా, తప్పు జవాబు వస్తే ఏం చేశారు, ఈ రెండే చూస్తాను. మీ పాఠమే తీసుకోండి. "ఒక చెంచాడు మరిగే నీళ్లు, ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లు. ఏది ఎక్కువ ఐసు కరిగిస్తుంది?" అని అడిగి ఊరుకోండి. సగం మంది చెంచా అంటారు, అక్కడ మొదలవుతుంది అసలు పాఠం. నిర్వచనం చివర్లో రాసినా ఏం కాదు.

ఇంకోటి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో తరగతుల్ని గమనించి, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించారు. ఆ సెకనును 3 సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పేవాళ్లూ పెరిగారు. మీరు "లేవు కదా" అన్నది ఆ ఒక్క సెకనులోనే. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోండి. ఎంతో సేపు ఆగినట్టు అనిపిస్తుంది, భయపడకండి.

మూడునెలలటీచర్
నాకు మెటర్నిటీ లీవ్‌లో వెళ్లిన టీచర్ స్థానంలో దొరికింది. మూడు నెలలకే అని అందరూ వద్దన్నారు. ఆ మేడమ్ తిరిగొచ్చాక నేను బయటికి వచ్చేశాను, కానీ మరుసటి ఏడాది ఖాళీ రాగానే ప్రిన్సిపాల్ మొదట నాకే ఫోన్ చేశారు. అందుకే ఏడాది మధ్యలో కూడా అడుగుతూ ఉండండి. మెయిల్ పంపి ఊరుకోకుండా, చివరి బెల్లు కొట్టాక స్వయంగా వెళ్లి రెజ్యూమె ఇవ్వండి. అందులో "మంచి కమ్యూనికేషన్ స్కిల్స్" లాంటివి తీసేయండి. టీచింగ్ ప్రాక్టీసులో ఏ తరగతికి, ఎంతమందికి, ఏ పాఠం, ఎన్ని వారాలు చెప్పారో రాయండి. మా ప్రిన్సిపాల్ చదివింది ఆ ఒక్క లైనే.

రాత్రిదిద్దుబాటు
ట్యూషన్ చెప్పిన అనుభవం రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. రాయండి, కానీ ట్యూషన్ అనే రాయండి. నలుగురికి చెప్పడం వేరు, నలభై మందికి చెప్పడం వేరు. అడగ్గానే తెలిసిపోతుంది.

నా బాధ కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. మొదటి ఉద్యోగంలో సైన్స్ అని తీసుకుని, చేరాక ఇంగ్లీషు, లైబ్రరీ కూడా నా నెత్తిన వేశారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. మానేశాక వాటికోసం ఐదుసార్లు తిరిగాను, ప్రతిసారీ సార్ లేరనే మాట. చేరేముందే అడగండి: వారానికి ఎన్ని పీరియడ్లు, ఏయే సబ్జెక్టులు, ఎవరి సెలవుకు ఎవరు వెళ్తారు. అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి రాకుండా చేరొద్దు. ఒరిజినల్స్ చూపించండి, ఇచ్చేసి రావద్దు.

కొత్తసుద్దముక్క
అందరికీ చాలా థాంక్సండి. గురువారం ఇంకో డెమో ఉంది, ఎనిమిదో తరగతికి ఘర్షణ. రెండు నోట్‌బుక్కుల పేజీలు ఒకదాని మధ్య ఒకటి దూర్చి, లాగమందామనుకుంటున్నాను. బాగుంటుందా?

లెక్కలబడి
చాలా బాగుంటుంది. లాగే పని చివరి బెంచీ వాళ్లకివ్వండి. వస్తాయా రావా అని ముందే చేతులెత్తించండి. ఇంట్లో రెండుసార్లు చేసి చూసుకోండి, పేజీలు తక్కువ దూరిస్తే ఊడొస్తాయి.

కొత్తసుద్దముక్క
డెమో అయింది! ఇద్దరబ్బాయిలు కాళ్లు తన్నిపెట్టి లాగినా పుస్తకాలు రాలేదు. ఒకమ్మాయి లేచి "జిగురు పెట్టారా టీచర్?" అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా మూడు లెక్కపెట్టాను. రెండు దగ్గరుండగానే పక్కనున్న పాప పేజీలు విడదీసి చూపించింది. నిర్వచనం రాయడానికి టైమ్ చాలలేదు. పీరియడ్లు ఎన్ని అని అడిగితే వారానికి 28, సైన్స్ మాత్రమే అన్నారు. సోమవారం చెప్తారట.