బైపీసీ తర్వాత బీపీటీనా, న్యూట్రిషనా? రెండూ కలిపి చదివే దారి ఉందా?

బైపీసీ_అన్న (ప్రశ్న)

నమస్తే. చెల్లి ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో ఎంబీబీఎస్‌కి సరిపడా ర్యాంకు వచ్చేలా లేదు. లాంగ్ టర్మ్ వద్దని తనే తేల్చేసింది. తనకు ఇష్టమైనవి రెండు: ఒకటి ఒంటి కదలిక, అంటే ఆటల్లో దెబ్బలు, మోకాళ్లు, నడక. రెండోది తిండి, అంటే షుగర్ వాళ్ల డైట్ లాంటివి. మా ముందు మూడు దారులున్నాయి: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), బీఎస్సీ న్యూట్రిషన్, ఒక ప్రైవేటు సంస్థ వాళ్ల మూడేళ్ల 'ఫిట్‌నెస్ అండ్ న్యూట్రిషన్' డిగ్రీ. చివరి దాంట్లో "ఆస్పత్రిలోనూ జిమ్‌లోనూ ఉద్యోగం" అంటున్నారు.

ఏ కాలేజీ వెబ్‌సైట్ చూసినా ఉజ్వల భవిష్యత్తు తప్ప లోపల ఏం నేర్పుతారో లేదు. తనకి ఫిజిక్స్ అంటే భయం, పదో తరగతి దాకా తెలుగు మీడియం. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. తర్వాత విదేశాలకి వెళ్లే వీలు ఎంతో కూడా.

గోనియోమీటర్

ముందు ఆ మూడేళ్ల డిగ్రీ సంగతి. చేరే ముందు వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పట్టాతో ఏ రిజిస్టర్‌లో పేరు ఎక్కుతుంది?" 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం తెచ్చింది. అందులో ఫిజియోథెరపీ ఒక వర్గం, న్యూట్రిషన్-డైటెటిక్స్ ఇంకో వర్గం. రెండూ కలిపిన వర్గం లేదు. ఆ డిగ్రీతో జిమ్‌లో పని దొరకొచ్చు, ఆస్పత్రిలో రోగి మీద చెయ్యి వేసే హక్కు మాత్రం రాదు. కాబట్టి ఏదో ఒక వృత్తి పట్టా ముందు, రెండోది దాని మీద అదనం. ఇది నా గట్టి అభిప్రాయం.

బీపీటీకి ఆంధ్రలో విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ వర్సిటీ, తెలంగాణలో వరంగల్ కాళోజీ హెల్త్ వర్సిటీ. ఇన్నాళ్లూ నాలుగేళ్ల చదువు, ఆపైన ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్, సీట్లు ఇంటర్ మార్కుల మీద. కమిషన్ వచ్చాక ప్రవేశం, కాలవ్యవధి రెండిట్లోనూ మార్పులు వస్తున్నాయి. ఈ ఏటి నోటిఫికేషనే చదవండి, రెండేళ్ల కిందటి యూట్యూబ్ వీడియోలు కాదు.

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. తర్వాత బయోమెకానిక్స్ (ఒంటి కదలికల వెనకున్న బలాల లెక్క), ఎక్సర్‌సైజ్ థెరపీ, ఎలక్ట్రోథెరపీ. ఆపైన ఎముకలు, నరాలు, గుండె-ఊపిరితిత్తుల రోగులు. వరస వర్సిటీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఎక్కువమంది బోల్తా పడేది మొదటి ఏడాది అనాటమీలో. కండరం ఎక్కడ పుట్టింది, ఎక్కడ అతుక్కుంది, ఏ నరం, ఏం పని అని నాలుగు గడుల పట్టిక బట్టీ పడతారు, వైవాలో ఎముక చేతికిస్తే ఏ వైపుదో చెప్పలేరు. ఎముక చేత్తో పట్టుకుని చదవాలి, కండరాన్ని తన ఒంటి మీదే వేలితో వెతుక్కోవాలి.

పని ఎంత సూక్ష్మంగా ఉంటుందో తెలియాలంటే మోకాలి వంపు కొలవడం చూడండి. గోనియోమీటర్ అంటే రెండు చేతులున్న కోణమానిని. దాని మధ్య బిందువు మోకాలి బయటి వైపు, తొడ ఎముక కింది బుడిపె మీద పెట్టాలి. కదలని చెయ్యి తుంటి పక్కన తగిలే ఎముక బుడిపె వైపు, కదిలే చెయ్యి చీలమండ బయటి బుడిపె వైపు. మామూలుగా 135 డిగ్రీల దాకా వస్తుంది. ఇప్పుడు తిరకాసు: అదే రోగి వెల్లకిలా పడుకుంటే 120 రావచ్చు, బోర్లా పడుకుంటే 105 దగ్గరే ఆగిపోవచ్చు. తొడ ముందున్న రెక్టస్ ఫెమోరిస్ కండరం తుంటినీ మోకాలినీ రెండిటినీ దాటి వెళ్తుంది. బోర్లా పడుకుంటే తుంటి చాపుకుని ఉండి కండరం ముందే బిగుసుకుంటుంది, ఇంకా వంచబోతే పిరుదు పైకి లేస్తుంది. ఏ భంగిమలో కొలిచారో రాయకపోతే వారం తర్వాత "15 డిగ్రీలు మెరుగు" అని కేస్ షీట్‌లో రాసుకుని మురిసిపోవచ్చు, రోగి మాత్రం ఉన్నచోటే ఉంటాడు.

ఫిజిక్స్: ఇంటర్ ఫిజిక్స్‌లో బలాలు, టార్క్, తులాదండం వస్తే చాలు. అవి రాకపోతే మాత్రం బయోమెకానిక్స్ మంత్రంలా కనిపిస్తుంది. ఒక లెక్క చెప్తాను. కుడి తుంటి నొప్పి ఉన్న మనిషి చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? అందరూ కుడి చేత్తోనే పట్టుకుంటారు. పట్టుకోవాల్సింది ఎడమ చేత్తో.

60 కిలోల మనిషి కుడి కాలి మీద నిలబడితే, ఆ కాలి బరువు పోను తుంటి మీద సుమారు 50 కిలోలు. ఆ బరువు కీలు నుంచి 10 సెం.మీ. లోపలికి పడుతుందనుకుందాం, ఒళ్ళు ఒరిగిపోకుండా లాగే పిరుదు కండరం 5 సెం.మీ. దూరంలోనే ఉంది. అంటే కండరం 100 కిలోల బలంతో లాగాలి. కీలు మీద మొత్తం 150. ఎడమ చేత్తో కర్ర మీద 5 కిలోలు మోపారు, అది కీలుకి 50 సెం.మీ. దూరం. కండరం 50 కిలోలు లాగితే సరిపోతుంది, కీలు మీద భారం 95కి దిగుతుంది. అయిదు కిలోల ఒత్తిడికి 55 కిలోలు తగ్గింది. కోణాలు వదిలేసిన మొరటు లెక్క ఇది, కానీ సూత్రం ఇదే. కర్ర నొప్పి వైపే పట్టుకుంటే ఈ లాభం రాదు, మనిషి అటు వాలి నడుస్తాడు. ఈ లెక్క చూసి చెల్లికి సరదా పుడితే బీపీటీలో వెయ్యండి, ఆవలింత వస్తే ఆలోచించండి.

పథ్యం

న్యూట్రిషన్ వైపు నేను చెప్తాను. ముందుగా ఒక్క మాట: బీఎస్సీ న్యూట్రిషన్‌తో ఆగిపోతే ఆస్పత్రి డైటీషియన్ కారు. డిగ్రీ, ఆపైన ఎమ్మెస్సీ గానీ డైటెటిక్స్‌లో పీజీ డిప్లొమా గానీ, ఆస్పత్రిలో ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్, తర్వాత ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వాళ్ల ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష. మొత్తం అయిదారేళ్లు. "మూడేళ్లలో అయిపోతుంది, బీపీటీ కంటే త్వరగా" అనుకుని చేరేవాళ్లు ఇక్కడే మోసపోతారు. తెలంగాణలో డిగ్రీ సీట్లు దోస్త్ (ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాలు) ద్వారా. పీజీకి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీలున్నాయి, సీట్లు తక్కువ. తిరుపతి పద్మావతీ మహిళా వర్సిటీలో హోమ్ సైన్స్ విభాగం ఎప్పటినుంచో ఉంది.

ఈ చదువులో సగం లెక్క, సగం మనుషుల చేత నిజం చెప్పించడం. రెండోదే కష్టం.

నిన్న ఏం తిన్నారని 24 గంటల ఆహార వివరం రాసుకుంటాం. "రెండు గరిటెల అన్నం" అంటారు. ఏ గరిటె? అందుకే కొలత గిన్నెలు పక్కన పెట్టుకుంటాం. విద్యార్థులు చేసే పెద్ద తప్పు తర్వాత వస్తుంది. 2017 భారత ఆహార సంయోజన పట్టికల్లో 528 రకాల ఆహారాలున్నాయి. అందులో బియ్యానికిచ్చిన విలువ పచ్చి బియ్యానిది: 100 గ్రాములకి సుమారు 356 కేలరీలు. 300 గ్రాముల అన్నం అంటే దాదాపు 100 గ్రాముల బియ్యమే. 300ని నేరుగా ఆ వరసలో వేసేస్తే ఒక్క పూట అన్నమే 1068 కేలరీలవుతుంది, 700 ఎక్కువ. ఆ కాగితం చూసి షుగర్ పేషెంట్‌కి అన్నం మానిపించేస్తారు, పాపం.

నూనె సంగతి ఇంకా విచిత్రం. "కూరలో ఎంత వేస్తారమ్మా?" అంటే ఏ ఇల్లాలైనా "రెండు చెంచాలేనండీ" అంటుంది. అలా అడగకూడదు. "నెలకి ఎన్ని ప్యాకెట్లు కొంటారు, ఇంట్లో ఎంతమంది?" అని అడగాలి. నలుగురికి నాలుగు లీటర్ ప్యాకెట్లు: మనిషికి నెలకి ఒకటి, సుమారు 910 గ్రాములు, రోజుకి 30 గ్రాములు, 270 కేలరీలు. ఆవకాయ మీద తేలే నూనె, పొడిలో నెయ్యి ఈ లెక్కలోకి రావు, విడిగా అడగాలి.

బయోకెమిస్ట్రీ ఎందుకంటారేమో, ట్యూబ్ ఫీడింగ్, అంటే నోటితో తినలేని రోగికి గొట్టం ద్వారా తిండి పొయ్యడం తీసుకోండి. మిల్లీలీటరుకి ఒక కేలరీ చొప్పున 1800 మి.లీ., 300 చొప్పున ఆరుసార్లు. ఇంట్లో రాగి జావ చిక్కగా చేసి పోస్తారు, ట్యూబ్ మూసుకుపోతుంది. ఇంకా నీళ్లు కలుపుదామంటే కేలరీలు పడిపోతాయి. మొలకెత్తించి ఎండబెట్టి ఆడించిన రాగి పిండి ఒక చెంచా వేస్తే అందులోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిని విరిచి జావని పల్చగా చేస్తుంది, కేలరీలు అలాగే ఉంటాయి. కానీ మరుగుతున్నదాంట్లో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. దించి కాస్త చల్లారాక వేసి, పల్చబడ్డాక మళ్లీ ఒక పొంగు రానిచ్చి, వడకట్టి, చల్లార్చి పొయ్యాలి. ఫీడ్‌కి ముందూ తర్వాతా 30 మి.లీ. నీళ్లతో ట్యూబ్ కడగాలి, తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ఆ ఎత్తు మర్చిపోతే ఫీడ్ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

బైపీసీ_అన్న

ఇద్దరికీ చాలా థాంక్స్. కర్ర లెక్క చెల్లి రెండుసార్లు చదివింది. మరి రెండు సబ్జెక్టులూ నిజంగా కలిసే చోటు ఎక్కడ? బీపీటీ చేసి తిండి గురించి నేర్చుకుంటే పనికొస్తుందా?

గోనియోమీటర్

రోజూ పనికొస్తుంది. రెండు చోట్ల మరీ.

ఒకటి, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి వ్యాయామం. మొదలుపెట్టే ముందు షుగర్ 90 కంటే తక్కువుంటే 15 గ్రాముల పిండిపదార్థం ఇచ్చాకే మొదలుపెట్టాలి. నిండుగా మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపితే చాలు. చాక్లెట్ వద్దు, కొవ్వు ఉంటుంది కాబట్టి ఆలస్యంగా ఎక్కుతుంది. తొడకి ఇంజెక్షన్ చేసుకుని వెంటనే సైకిల్ ఎక్కితే ఇన్సులిన్ త్వరగా రక్తంలోకి లాగేస్తుంది, ఆ రోజుల్లో పొట్టకి వేసుకోమనాలి. బీటా బ్లాకర్ మాత్రలు (బీపీకి, గుండెకి ఇచ్చేవి) వాడేవాళ్లకి షుగర్ పడిపోయినా గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. వ్యాయామం చేస్తే చెమట పట్టడం మామూలే కదా అని వదిలేశారో, అంతే సంగతులు.

రెండోది పథ్యం గారు చెప్తేనే బాగుంటుంది.

పథ్యం

మోకాలి మార్పిడి చేయించుకున్న పెద్దవాళ్ల సంగతి అంటున్నారు. 60 కిలోల ఆమె, కిలోకి 1.2 గ్రాములు లెక్కేస్తే రోజుకి 72 గ్రాముల ప్రొటీన్ కావాలి. (ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మన సిఫారసు 0.83.) మన ఇళ్లల్లో మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం-పప్పు-పెరుగు, రాత్రి అన్నం-కూర-మజ్జిగ, రెండు టీలు కలిపితే 40 దాటదు. ఫిజియో ఎంత చేయించినా తొడ కండరం పెరగదు, తప్పు ఫిజియో మీద పడుతుంది. రెండు గుడ్లు, రాత్రి కూడా పప్పు, గుప్పెడు శనగలు, ఇంకో 200 గ్రాముల పెరుగు చేరిస్తే 70 దగ్గరికొస్తుంది. అయితే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడకుండా ఈ సలహా ఇవ్వకూడదు. బీపీటీ వాళ్లు గుర్తించాలి, డైటీషియన్‌కి పంపాలి, కిడ్నీ పేషెంట్‌కి తామే డైట్ చార్ట్ రాసెయ్యకూడదు. అలాగే మేం ఆపరేషన్ అయిన మోకాలికి స్క్వాట్లు చెప్పకూడదు.

క్వీన్స్‌లాండ్_తెలుగు

విదేశాల మాట అడిగారు కాబట్టి ఆస్ట్రేలియా గురించి. ఇక్కడ మీరు చెప్పిన రెండూ ఒకే గూటిలో ఉంటాయి: క్వీన్స్‌లాండ్ వర్సిటీలో ఆ విభాగం పేరే హ్యూమన్ మూవ్‌మెంట్ అండ్ న్యూట్రిషన్ సైన్సెస్. ఫిజియో కాని ఇంకో వృత్తి కూడా ఉంది, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్. షుగర్, గుండె జబ్బు లాంటి దీర్ఘరోగులకి వ్యాయామం రాసిచ్చేవాళ్లు. గుర్తింపు ఎస్సా (ఎక్సర్‌సైజ్ అండ్ స్పోర్ట్స్ సైన్స్ ఆస్ట్రేలియా) అనే సంస్థది.

ఏజెంట్లు ఇక్కడే తిప్పుతారు. మూడేళ్ల ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీ చూపించి "ఫిజియో లాంటిదే" అంటారు. కాదు. దాంతో ఎక్సర్‌సైజ్ సైంటిస్ట్ అవుతారు. ఫిజియాలజిస్ట్ కావాలంటే కనీసం నాలుగేళ్ల గుర్తింపు కోర్సు. న్యూట్రిషన్ డిగ్రీ కూడా అంతే, డైటెటిక్స్ గుర్తింపు కోర్సు చెయ్యకపోతే డైటీషియన్ కారు. ఏ కోర్సైనా ఎస్సా, డైటీషియన్స్ ఆస్ట్రేలియా వెబ్‌సైట్లలో గుర్తింపు జాబితా చూశాకే ఫీజు కట్టండి.

ఇండియాలో బీపీటీ చేసి వస్తే ఆస్ట్రేలియన్ ఫిజియోథెరపీ కౌన్సిల్ రాత పరీక్ష, క్లినికల్ పరీక్ష, ఆ తర్వాత ఆప్రా (ఆరోగ్య వృత్తులవాళ్లని నమోదు చేసే అక్కడి సంస్థ) రిజిస్ట్రేషన్. డైటీషియన్లకి డైటీషియన్స్ ఆస్ట్రేలియా వాళ్ల పరీక్ష వేరే. అమెరికా అయితే బీపీటీ వాళ్ల చదువుని ముందు మదింపు చేయించి ఎన్‌పీటీఈ (అక్కడి ఫిజియో లైసెన్సు పరీక్ష) రాయాలి. డైటీషియన్ పరీక్షకి 2024 జనవరి నుంచి మాస్టర్స్ తప్పనిసరి. ఎక్కడికెళ్లినా సిలబస్ కాపీలు, క్లినికల్ గంటల లెక్క అడుగుతారు. కాలేజీ వదిలేలోపే సంతకం, ముద్రతో తీసుకుని పెట్టుకోమనండి, అయిదేళ్ల తర్వాత ఆ కాగితాల కోసం తిరగడం నరకం.

గోనియోమీటర్

తెలుగు మీడియం సంగతి మర్చిపోయాను. భాష భయం ఆర్నెల్లలో పోతుంది, పదాలన్నీ లాటిన్, గ్రీకు ముక్కలే, అందరికీ కొత్తే. ఒక్కచోట జాగ్రత్త: కాలు పక్కకి దూరంగా తీస్తే ఆబ్డక్షన్, దగ్గరికి తెస్తే ఆడక్షన్. వార్డు గోలలో రెండూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే "ఏ-బీ-డక్షన్", "ఏ-డీ-డక్షన్" అని విడగొట్టి పలుకుతారు. మొదటి రోజు నుంచీ అలాగే పలకమనండి. తుంటి ఆపరేషన్ అయిన రోగికి, ముఖ్యంగా వెనక నుంచి కోసినప్పుడు, కాలు మధ్యగీత దాటి లోపలికి రాకూడదంటారు. ఆ ఒక్క అక్షరం తప్పు విని కాలు అటు తెస్తే కీలు జారిపోవచ్చు.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కాదు, ఉదయం పదింటికి ఫిజియో ఓపీలో ఒక గంట కూర్చోండి. పడకల మీద రోగులున్నారా, ఫైనలియర్ పిల్లలు వాళ్ల మీద చేతులు వేసి పనిచేస్తున్నారా, గోడవారగా నిలబడి చూస్తున్నారా అన్నది కనిపిస్తుంది. న్యూట్రిషన్ కాలేజీ అయితే ఇంటర్న్‌షిప్ ఏ ఆస్పత్రిలో, దానికి విడిగా డబ్బు కట్టాలా అని సీనియర్లనే అడగండి.