‘బోఁజూర్’కి తెలుగేది? అరసున్న పెట్టాలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్న మొదటిసారి మా ఇంటికి, ఫ్రాన్స్‌లోని తులూజ్‌కి వస్తున్నారు. పగలు నేనూ మా ఆయనా ఆఫీసుల్లో ఉంటాం. బేకరీకి వెళ్లినా మెట్రో ఎక్కినా వాళ్లిద్దరే. అందుకని ఒక కాగితం మీద తెలుగు లిపిలో ఫ్రెంచి మాటలు రాసి పంపుతున్నా. మొదటి మాట దగ్గరే ఆగిపోయా. ‘బోంజూర్’ అని రాస్తే నాన్న ‘గంజి’లో సున్నని పలికినట్టు పలుకుతున్నారు. ‘బోన్‌జూర్’ అంటే ‘న్’ని నొక్కి వదులుతున్నారు. పక్కన అర్థం ‘శుభదినం’ అని రాశా. అమ్మ ఫోన్లోనే నవ్వింది, "ఎవరైనా అలా అంటారుటే?" అని. ఏం రాయమంటారు?

మొదటి జవాబు:

అరసున్న పెట్టండమ్మా, బోఁజూర్. మనం పలకడం మానేసి వ్యాకరణం పుస్తకాలకి వదిలేసిన గుర్తు అది. ఫ్రెంచికి మాత్రం పూట గడవదు అది లేకపోతే. అక్కడ నాలుక ఎక్కడా తగలకూడదు, అచ్చు ముక్కులోంచి పోవాలి, అంతే.

రొట్టెకి ఫ్రెంచి మాట చూడండి. రాత అచ్చం ఇంగ్లీషు ‘పెయిన్’లాగే ఉంటుంది. పలుకు ‘పాఁ’కీ ‘పేఁ’కీ నడుమ. మీది కోస్తా అయితే తేలిక: ‘వచ్చాడు’ అనేటప్పుడు ‘చ్చా’లో పలికే ఆ వంకర ‘ఆ’కి కాస్త ముక్కు కలపమనండి నాన్నగారిని. మనకి లిపిలో లేదు గానీ నోట్లో ఉంది. తులూజ్ వాళ్లు మాత్రం దక్షిణాది యాసలో చివర కొంచెం ‘ంగ్’ కూడా తగిలిస్తారు, కంగారుపడొద్దు.

మన దగ్గర అసలు లేని అచ్చు ఇంకోటుంది. పెదాలు ‘ఊ’కి చుట్టి లోపల ‘ఈ’ అనాలి. వీధికి వాళ్లనే ఫ్రెంచి మాటలో ఉండేది అదే. ఫ్రెంచిలో ‘పైన’కీ ‘కింద’కీ తేడా ఈ ఒక్క అచ్చే! దీన్ని ఏ అక్షరంతో రాసినా తప్పే. కాగితం మీద కాకుండా ఫోన్లో నేర్పండి.

రెండో జవాబు:

అర్థం సంగతి నేను చెప్తా. ‘బోఁ’ అంటే మంచి, ‘జూర్’ అంటే రోజు. మాటకి మాట శుభదినమే. కానీ అది చేసే పని వేరు, దానికి తెలుగు ‘పలకరింపు’. పారిస్‌లో నా మొదటి వారం, టికెట్ల కౌంటర్ దగ్గర నేరుగా ఇంగ్లీషులో "రెండు టికెట్లండీ" అన్నా. ఆవిడ "బోఁజూర్" అంది. వినపడలేదేమోనని మళ్లీ అడిగా. మళ్లీ "బోఁజూర్". అప్పటికి బుర్రకెక్కింది. మన ఊళ్లో ఒకరి గుమ్మంలోకి వెళ్లి, పలకరించకుండా "మంచినీళ్లు" అంటే ఎలా ఉంటుందో అలా ఉందన్నమాట నా వరస.

అందుకని కాగితంలో అర్థం రాయకండి, ‘కొట్లోకి అడుగుపెట్టగానే, బస్సు ఎక్కగానే’ అని రాయండి. సాయంత్రమైతే బోఁసువార్. ‘బొన్ న్యుయి’ పడుకోబోయేటప్పుడే, కొట్టువాడికి చెప్పకూడదు.

‘సిల్ వు ప్లే’కి ‘దయచేసి’ అని కూడా రాయకండి. విడమరిస్తే ‘మీకు ఇష్టమైతే’. కానీ మనింట్లో దయచేసి అని ఎవరం అంటాం? ‘కొంచెం ఇవ్వండి’లో ఆ ‘అండి’ చేసే పనే అది. ‘వు’ అంటే మీరు. చనువున్న చోట ‘సిల్ త ప్లే’ అవుతుంది, అంటే నువ్వు. మీరు, నువ్వుల తేడా ఇంగ్లీషువాళ్లకి కష్టం గానీ మీ అమ్మగారికి ఎవరూ నేర్పక్కర్లేదు.

అడిగినావిడ:

భలే ఉంది ‘అండి’ పోలిక! నాన్న బ్యాంకులో చేసి రిటైరయ్యారు, అంకెలు కూడా రాయమంటున్నారు. 69 దాకా బాగానే వచ్చా. తర్వాత?

మొదటి జవాబిచ్చినవారు:

తర్వాత లెక్కలే, బ్యాంకాయనకి సరదాగా ఉంటుంది. 70 అంటే ‘అరవై పది’. 80 ‘నాలుగు ఇరవైలు’. 99 ‘నాలుగిరవైల పందొమ్మిది’. ఇరవైలతో లెక్కపెట్టే పాత పద్ధతి ఇది. పారిస్‌లో కంటి ఆసుపత్రి ఒకటుంది, పేరే ‘పదిహేను ఇరవైలు’ (కాఁజ్ వాఁ). 13వ శతాబ్దంలో తొమ్మిదో లూయీ 300 మంది అంధుల కోసం పెట్టింది. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో 70కీ 90కీ విడిగా తిన్నని మాటలున్నాయి. మీ నాన్నగారు అటు దిగుంటే సులువయ్యేది పాపం. ధర అర్థం కాకపోతే బిల్లు యంత్రం మీద చూసుకోమనండి.

మూడో జవాబు:

హోటల్లో నీళ్లు అడిగేటప్పుడు ఊరికే ‘నీళ్లు’ అంటే సీసా తెచ్చి బిల్లు వేయొచ్చు. ‘ఉన్ కరాఫ్ దో, సిల్ వు ప్లే’ అంటే కుళాయి నీళ్లు, డబ్బుల్లేవు. అమ్మగారు శాకాహారి అయితే ‘వెజెతారియెన్’, నాన్నగారైతే ‘వెజెతారియాఁ’. చూశారా, ఆడవాళ్ల మాటలో ‘న్’ తిరిగొచ్చి అరసున్న ఎగిరిపోయింది! అయినా సలాడ్‌లో పంది మాంసం ముక్కలు చల్లి తెచ్చే చోట్లుంటాయి, ‘సాఁ వియాఁద్’ (మాంసం లేకుండా) కూడా రాయండి.

అన్నట్టు, లోపల చాక్లెట్ పెట్టిన ఆ మడతల బన్ను. పారిస్‌లో దాన్ని ‘పాఁ ఓ షొకొలా’ అంటారు. తులూజ్‌లో ‘షొకొలతిన్’. దీని మీద అక్కడ మన గోంగూర-పుంటికూర లాంటి తగువుంది.

అడిగినావిడ:

షొకొలతిన్‌ని మూడో వరసలో రాశా. మొదటి వరసలో అరసున్నతో బోఁజూర్. నాన్న ఇందాక ఫోన్ ఎత్తగానే హలో బదులు అదే అన్నారు. ముక్కు మరీ ఎక్కువైంది, జలుబు చేసిందనుకున్నా.