బ్రహ్మచారి సంగతి సరే, ముదిరిన బెండకాయ నిజంగా పనికిరాదా?

మిద్దెతోట (నెల్లూరు):
"బ్రహ్మచారి ముదిరినా, బెండకాయ ముదిరినా పనికిరావు" అన్న సామెత మా ఇంట్లో పదిరోజులుగా రోజుకొకసారైనా వినబడుతోంది. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నివేదించినప్పుడు మా పందిరి నిండుగానే ఉంది. ఫాల్గుణం వచ్చేసరికి దాని మీద గింజ ఉబ్బి తొక్క గట్టిపడిన కాయలే మిగిలాయి. వంకాయలు కోస్తే లోపల గింజలు నల్లబడి కనిపిస్తున్నాయి. మేము ఊరికి వెళ్ళి వచ్చేలోపల బెండకాయలు జానెడు పొడవు పెరిగాయి. వీటిలో ఒక్కటి కూడా పారేయడానికి వీల్లేదని మా అత్తగారు అంటారు. మా వారేమో సామెత చెప్పి, అన్నీ పీకేసి తోటకూర చల్లుదామంటారు. ఆయన మాట కాదని పోయిన ఆదివారం ఆ బెండకాయలను వేపుడు చేస్తే, పిల్లలు నమిలిన పీచును కంచం అంచున కుప్ప పెట్టారు. చివరి కాపును వండుకోవడంలో నిజంగా లాభం ఉందా, లేక గ్యాసు, నూనె దండగేనా? అనుభవం ఉన్నవారు కారణంతో సహా చెప్పగలరు.

దక్షిణపు పెరడు (ఒంగోలు):
మీ అత్తగారి పక్షమే నాది. తప్పు కాయది కాదమ్మా, వేపుడుది. లేత కాయకు చేసే వంటను ముదురు కాయకు చేసి, అది బాగాలేదనడం న్యాయం కాదు. బెండకాయను పూత రాలిన ఐదారు రోజులకే కోయాలి. అది దాటితే తొక్కలో పీచు ఎక్కుతుంది, ఆ పీచు ఎంతసేపు వేపినా కరగదు. అయితే లోపలి గింజ అప్పటికి చక్కగా పాలు పోసుకుని ఉంటుంది. కాయను నిలువునా చీల్చి ఆ గింజలను మాత్రం రాల్చుకుని, కందిపప్పుతోపాటు ఉడికించి పప్పుచారు కాచి చూడండి.

చిక్కుడుకు అసలు రుచి వచ్చేదే ఇప్పుడు. తొక్క పారేసి, పచ్చి గింజలు ఒలిచి, వంకాయతో కలిపి వండినా సరే, నీచు తినేవారైతే ఎండురొయ్యలు వేసి చింతపండు పులుసు పెట్టినా సరే, లేత చిక్కుడుకాయ కూర దాని ముందు నిలవదు. గింజ పూర్తిగా ఎండిపోతే మాత్రం రాత్రంతా నానబెట్టి, బాగా ఉడికించి, ఆ మొదటి నీళ్ళు పారబోయాలి. ఎండు చిక్కుడు గింజలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం కొంత ఉంటుంది కనుక, పచ్చిగానో సగం ఉడికించో తినకూడదు.

దోసకాయ సంగతి వేరుగా చెప్పాలా? పండి పసుపుపచ్చగా మారిన దోసనే కదా మనం పప్పులోకీ, దోసావకాయకూ వెతుక్కునేది! గోంగూర పూతకు వచ్చాక ఆకు గట్టిబడుతుంది, పులుపు చిక్కబడుతుంది. సరిగ్గా అప్పుడే పండుమిరపకాయలు కూడా దిగుతాయి కాబట్టి, ఆ రెండింటినీ రోట్లో వేసి నూరితే నిల్వ పచ్చడి అవుతుంది. నా మటుకు బీరకాయ ఒక్కదానికే మినహాయింపు ఇస్తాను. పీచు కట్టిన బీరకాయను పందిరి మీదే ఎండబెట్టి ఒళ్ళు రుద్దుకోవడానికి వాడుకోవడం తప్ప, దానితో వంట మాట మరచిపోవడం మేలు.

మెట్టసేద్యం (కనిగిరి):
ఒంగోలు వారి వంటలు చదువుతుంటే నోరూరింది కాని, నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. మా వైపు ఫ్లోరైడ్ లేని మంచినీళ్ళను బిందెలు లెక్కపెట్టి వాడుకుంటాము. ఎండలు ముదిరేకొద్దీ మా బోరు గంటసేపు పోసి గాలి కొడుతుంది. ఇరవై కాయలు కాసేటప్పుడు పోసినన్ని నీళ్ళే నాలుగు కాయలు కాసేటప్పుడూ ఆ పాదు అడుగుతుంది. ఆ నీటితో మడి వేస్తే నెల తిరగకుండా తోటకూర చేతికి వస్తుంది.

రెండో సంగతి తెగుళ్ళు. బెండ ఆకుల ఈనెలు పసుపు తిరిగితే అది పల్లాకు తెగులు, దాన్ని మోసేది తెల్లదోమ. ఆ కాయ తింటే మనిషికేమీ కాదు, కాని ఆ మొక్కను ఉంచితే పక్కన వేసిన వేసవి బెండ కూడా మొలక దశలోనే తెగులు పట్టిపోతుంది. ముదురు వంకమొక్కల్లో కాయతొలుచు పురుగు ఒక తరం నుంచి ఇంకో తరానికి సంసారం చేస్తూనే ఉంటుంది. నాలుగు కాయల మీద మమకారంతో పురుగును పోషించుకోవడం నాకు సమ్మతం కాదు.

సముద్రపు గాలి (కావలి):
ఇద్దరూ ఒకే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారని నాకు అనిపిస్తోంది. కాయ ముదరడం వేరు, మొక్క ముదరడం వేరు. కోయడం ఆలస్యమైతే పడుచు మొక్క మీద కూడా కాయ ముదురుతుంది, దానికి ఒంగోలు వారు చెప్పినట్టు వంట మార్చుకుంటే చాలు. నిజానికి ముదురు కాయను మొక్క మీద వదిలేస్తేనే నష్టం, ఎందుకంటే గింజ తయారయ్యే కాయకే మొక్క తన బలమంతా పెట్టి కొత్త పూతను తగ్గించుకుంటుంది. తినకపోయినా సరే, బెండకాయ అనేదాన్ని రోజు విడిచి రోజు కోయవలసిందే. మొక్క ముదరడం అలా కాదు. నాటు చిక్కుడు పొద్దు తగ్గే రోజుల్లో పూస్తుంది, పగలు పొడవయ్యేకొద్దీ పూత మానేస్తుంది. ఇప్పుడు దానికి ఎన్ని నీళ్ళు పోసినా సంక్రాంతి నాటి కాపు రాదు, ఆ మేరకు కనిగిరి వారి లెక్క సరైనదే.

అయితే ఇద్దరూ వదిలేసిన ఒక ప్రమాదం ఉంది, అది చేదు. కాకర తప్ప తక్కిన తీగజాతి కాయలు, అంటే సొర, దోస, బీర, పొట్ల వంటివి ఎండకూ నీటి ఎద్దడికీ తట్టుకోలేనప్పుడు వాటిలో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పెరగవచ్చు. అది ఉడికించినా పోదు. చేదు సొరకాయ రసం తాగి కొందరు తీవ్రంగా జబ్బుపడి, మరణాలు కూడా సంభవించిన తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని నియమించింది. 2012లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అచ్చయిన ఆ సంఘం సలహా ఏమిటంటే, చిన్న ముక్క రుచి చూసి, చేదుగా ఉంటే కాయను పారేయాలి. మన ఇళ్ళలో దోసకాయ తరిగే ముందు ముక్క నాలుక మీద పెట్టుకుని చూడటం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. సొరకాయకు కూడా అదే అలవాటు చేసుకోవాలి. బెల్లం వేస్తే చేదు తెలియదు కదా అని పులుసు పెట్టకండి, తెలియకపోవడమే అక్కడ ప్రమాదం.

దక్షిణపు పెరడు (ఒంగోలు):
చేదు విషయంలో కావలి వారి మాటను ఒప్పుకుంటున్నాను, నేను ముందే రాయవలసింది. పల్లాకు పట్టిన బెండను పీకడం గురించి కూడా వాదించను. వంకమొక్కను మాత్రం పీకనివ్వను. మోకాలికి దిగువన కొమ్మలు నరికి, పురుగు పట్టిన కాయలనూ చివుళ్ళనూ కాల్చేసి, మొదట్లో పశువుల ఎరువు వేసి తడిపితే, అదే మోడు మళ్ళీ చిగిర్చి కాపుకు వస్తుంది. కనిగిరి వారు చెప్పిన నీటి ఖర్చుకు బియ్యం కడిగిన నీళ్ళూ, కూరగాయలు కడిగిన నీళ్ళూ సరిపోతాయి. నల్లబడ్డ గింజలున్న వంకాయల్ని తినమని నేనూ అనను. గింజ ఇంకా తెల్లగానే ఉన్నవాటిని తరిగి ఉప్పునీళ్ళలో వేసి, పిండి, అల్లం పచ్చిమిర్చి కారం పెట్టి వండుకోవచ్చు.

మెట్టసేద్యం (కనిగిరి):
నాలుగు కుండీలున్న మిద్దెకు బియ్యం కడిగిన నీళ్ళు సరిపోతాయేమో కాని, ఆరు సెంట్ల పెరటికి సరిపోవు. నరికి చిగురింపజేసే పద్ధతిని ఒప్పుకుంటాను, ఆ మోడు వెర్రితెగులు లేనిదై ఉండాలి. ఆకులు చిన్నవై, గుత్తులుగా వచ్చిన మొక్కను నరికినా ప్రయోజనం లేదు. ఇంకొక హెచ్చరిక ఏమిటంటే, చివరి కాపులో మిగిలిన కాయను విత్తనానికి ఉంచుకునే అలవాటు చాలామందికి ఉంది. విత్తనానికి నడిమి కాపులో, మంచి మొక్క మీది మంచి కాయకు గుడ్డపీలిక కట్టి వదలాలి. హైబ్రిడ్ విత్తనంతో వేసిన మొక్క నుంచి తీసిన గింజ అయితే తల్లిలాగే కాస్తుందన్న నమ్మకం లేదు.

మిద్దెతోట (నెల్లూరు):
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా వారూ నేనూ మిద్దె ఎక్కి, ఆకు పసుపు తిరిగిన బెండ మొక్కలు మూడింటిని పీకేశాము, రెండు ఉంచాము. సొరపాదుకు మిగిలిన ఒకే ఒక కాయను కోసి ముక్క నాలుక మీద పెట్టుకుని చూస్తే చేదు లేదు, అది ఈ పూట ఎండురొయ్యలతో పులుసు అయింది. చిక్కుడు గింజలు ఒలిచే పనిని మా అత్తగారు, సామెత చెప్పినందుకు శిక్షగా, కొడుకు చేతికే ఇచ్చారు. రెండు బుట్టల కాయలు ఒలిస్తే తవ్వెడు గింజలు వచ్చాయి. వంకమొక్కల్ని రేపు నరకాలి, ఎరువు ఇంకా తేవలసి ఉంది. నరికిన తరువాత మొదటి తడి వెంటనే ఇవ్వాలా, రెండు రోజులు ఆగాలా అన్నది ఒంగోలు వారు చెబితే బాగుంటుంది.