కెనడాలో ఫేస్‌బుక్ నుంచి వార్తలు మాయం: తప్పు చట్టానిదా, మెటాదా?

వార్తాప్రియ:
కెనడాలో ఆన్‌లైన్ న్యూస్ యాక్ట్, అంటే సీ-18 బిల్లు, 2023 జూన్ 22న చట్టమైంది. పత్రికల వార్తలతో నడిచే పెద్ద వేదికలు ఆ పత్రికలతో బేరం కుదుర్చుకుని డబ్బు కట్టాలన్నది దాని సారం. ఆగస్టు 1 నుంచి మెటా కెనడాలో ఉన్నవారికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలు ఆపేసింది. అక్కడి పత్రికలవే కాదు, విదేశీ పత్రికలవి కూడా. మామూలు మనిషి వార్త లింకు పెట్టినా కనపడదు.

నా దృష్టిలో తప్పు చట్టం రాసిన తీరులోనే ఉంది. రెండో సెక్షన్ చూడండి. వార్తను యథాతథంగా వేస్తేనే కాదు, సూచికలో చేర్చినా, వరుసలో పేర్చినా, ఏ విధంగా దారి చూపినా ‘అందుబాటులో పెట్టినట్టే’ లెక్క. అంటే లింకు కూడా అందులోకే వస్తుంది. బాధ్యత సున్నా కావాలంటే లింకులు సున్నా చేయాలి. మెటా చేసింది అదే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఉత్తరపవనం:
సెక్షన్ మీరన్నట్టే ఉందండీ. కానీ తేదీలు కూడా చూడండి. చట్టం అమల్లోకి వచ్చింది 2023 డిసెంబరు 19న. మెటా ఆపిన రోజుకి ఒక్క డాలరు కట్టాల్సిన పని లేదు, నిబంధనల ముసాయిదా కూడా బయటికి రాలేదు.

ఆపిన పదిహేను రోజులకే, ఆగస్టు 16న, కార్చిచ్చు వల్ల కెనడా ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్ ఊరు మొత్తాన్నీ ఖాళీ చేయమన్నారు. సుమారు 20 వేల మంది. రోడ్డు మీద దక్షిణానికి పోవాలంటే మూడో నంబరు హైవే ఒక్కటే దిక్కు. లింకు పెట్టడం కుదరదు కాబట్టి జనం వార్తల స్క్రీన్‌షాట్లు పెట్టుకున్నారు.

ఆ స్క్రీన్‌షాట్‌తో వచ్చే చిక్కు దగ్గర్నుంచి చూడండి. లింకయితే ఎప్పుడు నొక్కినా పత్రిక చివరిగా సవరించిన పేజీయే తెరుచుకుంటుంది. బొమ్మలో సమయం అక్కడే ఆగిపోతుంది. పైగా కత్తిరించేటప్పుడు ముందు ఎగిరిపోయేది పత్రిక పేరు, తేదీ ఉండే పై పట్టీయే. పొద్దున తెరిచి ఉన్న పెట్రోలు బంకు మధ్యాహ్నం మూసేశారనుకోండి, ‘తెరిచి ఉంది’ అనే బొమ్మ రాత్రి దాకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తప్పు దిద్దడానికి పత్రిక చేతిలో ఏమీ లేదు.

ప్రభుత్వ పేజీలు, క్షేమంగా ఉన్నామని మనవాళ్లకి చెప్పుకునే ‘సేఫ్టీ చెక్’ ఉన్నాయి కదా అంది మెటా. ప్రభుత్వ పేజీ ఆదేశం చెబుతుంది. ఆ ఆదేశం ఆలస్యమైందా, విమానాలు సరిపోయాయా అని అడిగేది విలేకరి.

పాతసబ్ఎడిటర్:
బేరంలో ఎవరి చేతిలో ఏముందో మీరిద్దరూ పక్కన పెట్టేశారు. తమ ఫీడ్‌లో జనం చూసేదాంట్లో వార్తలు 3 శాతం కూడా ఉండవని మెటా మొదట్నుంచీ చెబుతోంది. వదిలేసినా దాని వ్యాపారం ఆగదు. గూగుల్ అలా కాదు. వార్తలు తీసేస్తే సెర్చికే విలువ పోతుంది. అందుకే 2023 నవంబరు 29న ఏడాదికి 10 కోట్ల కెనడా డాలర్లకు ఒప్పుకుంది. ప్రభుత్వం ముసాయిదాలో గూగుల్‌కు వేసిన అంచనా 17.2 కోట్లు, మెటాకు 6.2 కోట్లు. ఒకరు బేరమాడి తగ్గించుకున్నారు, ఇంకొకరు లేచి వెళ్లిపోయారు.

ఆ 10 కోట్లలో ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీకి 7 శాతం, మిగతా టీవీ, రేడియోలకు 30 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. మిగిలింది రాతపత్రికలకు. ఈ భాగం మాత్రం బాగా ఆలోచించి రాశారు.

ఇలాంటి చట్టంతోనే ఆస్ట్రేలియా నెగ్గిందని కొందరంటారు, ఆ మాట కూడా సగమే నిజం. 2021 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ అక్కడ వార్తలు ఆపినప్పుడు వాతావరణ శాఖ, ఆరోగ్య శాఖల పేజీలు కూడా పోయాయి. వారం లోపే ప్రభుత్వం చట్టాన్ని మార్చింది, కంపెనీలు విడివిడిగా ఒప్పందాలు చేసుకున్నాయి. ఈ కంపెనీకి చట్టం వర్తిస్తుందని ప్రభుత్వం దేన్నీ అధికారికంగా నోటిఫై చేయలేదు. 2024 మార్చిలో మెటా ఆ ఒప్పందాలు పొడిగించబోమంది. మూడేళ్ల డబ్బు, అంతే.

వార్తాప్రియ:
తేదీల విషయం ఒప్పుకుంటున్నాను. మంటలప్పుడైనా తాత్కాలికంగా తెరవాల్సింది, ప్రభుత్వం అడిగింది కూడా. అయినా నష్టం ఎవరికి తగిలిందో చూడండి. కెనడాలోని మీడియా ఎకోసిస్టమ్ అబ్జర్వేటరీ 2024లో లెక్క తీస్తే, అక్కడి వార్తాసంస్థలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వచ్చే స్పందన 85 శాతం పడిపోయింది. సొంత యాప్ ఉన్న పెద్ద పత్రిక తట్టుకుంటుంది. ఫేస్‌బుక్ పేజీయే వెబ్‌సైటుగా బతికిన ఊరి పత్రిక ఎలా తట్టుకుంటుంది?

రాజకీయం కూడా చూడండి. 2023 జులైలో ప్రభుత్వం మెటాకు ప్రకటనలు ఆపింది, ఏడాదికి దాదాపు కోటి డాలర్లు. పాలక లిబరల్ పార్టీ మాత్రం తన ప్రకటనలు ఆపలేదు. జనానికి వార్త అందకపోయినా ఓట్ల ప్రకటన అందాలా?

నేనైతే లింకును చట్టం నుంచి తీసేస్తాను. పూర్తి పాఠం వాడినా, చదివేవాడు పత్రిక దాకా వెళ్లక్కర్లేనంత పొడుగు సారాంశం ఇచ్చినా డబ్బు కట్టాలంటాను. మిగతాది పన్నుగా వసూలు చేసి, ఎవరికెంతో రాజకీయ నాయకులు కాక వేరే సంస్థ పంచాలి.

ఉత్తరపవనం:
పన్ను దారి ఏమైందో తెలిసిందే కదండీ. కెనడా పెద్ద టెక్ కంపెనీల రాబడి మీద 3 శాతం డిజిటల్ సేవల పన్ను తెచ్చింది. మొదటి చెల్లింపు గడువు 2025 జూన్ 30. ట్రంప్ వాణిజ్య చర్చలు ఆపేస్తాననేసరికి జూన్ 29 రాత్రి దాన్ని రద్దు చేస్తున్నామన్నారు. పత్రికల నిధిని ఆ ఖాతాకి కట్టేసి ఉంటే ఒక్క రాత్రిలో పోయేది. గూగుల్ ఇచ్చే 10 కోట్లు ఇంకా వస్తున్నాయి. చట్టంలో లోపాలున్నాయి, కాదనను. కానీ మీ ప్రత్యామ్నాయం అంతకన్నా పెళుసు.

కృష్ణాతీరం:
ఇది మనకి దూరపు గొడవ కాదు. ఈనాడు సభ్యత్వం ఉన్న డీఎన్‌పీఏ, అంటే డిజిటల్ పత్రికల సంఘం, ఫిర్యాదు చేస్తే 2022 జనవరిలో కాంపిటిషన్ కమిషన్ గూగుల్ మీద విచారణకు ఆదేశించింది. రేపు ఇక్కడా చట్టం రావచ్చు. అది వచ్చేలోపు చిన్న పత్రికలు చేయాల్సింది ఒకటుంది. పాఠకుల ఈమెయిల్ జాబితా సొంతంగా పెట్టుకోవాలి, సైటులో కొత్త వార్తలు వాటంతటవే పాఠకుడి యాప్‌కి చేరే ఆరెస్సెస్ (RSS) ఫీడ్ తెరిచి ఉంచాలి. వాట్సాప్ ఛానెల్ వాడుకోవచ్చు గానీ అదీ మెటాదే, దాని మీదే ఆధారపడకూడదు.

పాతసబ్ఎడిటర్:
ఇంకొకటి కలపండి. తుపాను, వరద, కార్చిచ్చు వార్తలకు సమయం పై పట్టీలో వదిలేయకుండా శీర్షికలోనే వేయాలి: ‘రాత్రి 7:30 నాటికి వంతెన మూసివేత’ అని. తేదీ, పత్రిక పేరు మొదటి వాక్యంలో రావాలి. స్క్రీన్‌షాట్ ఎలా కత్తిరించినా అవి పోవు. ఇది డెస్కులో కూర్చున్నవాడి చేతిలో పని, దీనికి ఏ చట్టమూ అక్కర్లేదు.